ఈశాన్యంలో కలువలు

మా బావ మీద నాకున్న కోపం ఈనాటికీ చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు.

ప్రొద్దుటూరులో అక్కావాళ్లు కొత్త ఇల్లు కట్టుకుంటే, గృహప్రవేశానికి నేనొక బొమ్మ గీసి ఇచ్చాను. ఎవరో ఫ్రాన్సు పెద్దాయన తన ఇంటి కొలనులోని కలువలను గీసిన చిత్రానికి నకలు. అందులో గట్టుండదు, ఆకాశముండదు. దగ్గరికెళ్తే రంగు మరకలు, కాస్త వెనక్కి జరిగితే నీళ్లు. జమ్మలమడుగు ఎండల్లో నా బడి సెలవులన్నీ దానికే ధారపోశాను. కింది మూలనున్న ఒక్క తెల్ల కలువ కుదిరేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

బావ బట్టల వ్యాపారి. అందరి ముందూ దాన్ని ఎగాదిగా చూసి, "ఏంది పాపా ఇది, ఎనుములు పొర్లాడిన గుంట మాదిరుండాదే" అన్నాడు. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది.

కొన్నాళ్లకు మళ్లీ వెళ్తే, నా బొమ్మ హాల్లో కరెంటు మీటరుకు అడ్డంగా వేలాడుతోంది. అడుగున జానెడు లేదు.

"చోటు సాల్లేదు, కత్తిరించినా. ఉన్నంతలో సరిపెట్టుకోవాల కదా" అన్నాడు బావ.

ఆ ముక్క బీరువా ఊగకుండా దాని కాలు కింద మడతపెట్టి ఉంది. నా తెల్ల కలువ! ఒళ్లు మండిపోయింది. ఎవరూ చూడనప్పుడు బలమంతా పెట్టి లాగి సంచిలో వేసుకున్నాను.

బావకు వాస్తు పిచ్చి. కట్టిన మెట్లను పడగొట్టించి మళ్లీ కట్టించిన మనిషి. నాకా నమ్మకం లేదు. ఆయనకుంది, అది చాలు. భోజనాల దగ్గర వాళ్లమ్మను అడిగాను.

"ఆగ్నేయంలో నీళ్ల బొమ్మ పెట్టినారేంది అత్తా? ఆడ నిప్పు గదా ఉండాల్సింది."

ఆమె చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

ఆ వారమే వాళ్ల బోరు మోటారు కాలిపోయింది. అందులో నా చెయ్యేమీ లేదు, కానీ వినగానే ప్రాణానికి హాయిగా అనిపించింది. వాస్తు పంతులు వచ్చి బొమ్మను ఈశాన్యం గోడకు మార్పించాడట, వచ్చేపోయే వాళ్లందరికీ కనబడేలా. తెగిన పువ్వుల బొమ్మ ఇంటికి మంచిది కాదు, పారేయనూ కూడదు, నిండుగా చేయించమన్నాడట.

బావ జమ్మలమడుగు వచ్చి, మా వరండాలో చెప్పులు విడిచి కూర్చున్నాడు.

"పాపా, ఆ కింది ముక్క మళ్లా గీసియ్యి. అమ్మ అన్నం గూడా సరిగా తింటాలేదు."

ముసలామె మీద జాలేసింది. ఆయన మీద వేయలేదు. తెల్ల కలువ లోపలి గదిలో, నా మంచానికి ఎదురుగా గోడ మీదుంది. మడత గీతలు ఇంకా పోలేదు. ఆ గది తలుపు దగ్గరికి వేసి, కాఫీ కలిపి తెచ్చి ఆయన చేతికిచ్చాను.

"ఉన్నంతలో సరిపెట్టుకోవాల కదా బావా" అన్నాను.