దొర కొట్టేసిన ‘వెరీ’లు

ధవళేశ్వరంలో కాలువల కచేరీలో గుమస్తాగా చేరిన కొత్తలో నా ఇంగ్లీషు నిండా ‘వెరీ’లే. రైతుల అర్జీలను ఇంగ్లీషులో రాసి దొర ముందు పెట్టడం నా పని. గట్టు తెగిందంటే చాలదు, ‘వెరీ బ్యాడ్లీ’ తెగిందనాలి. మనవి చేసుకుంటున్నామంటే సరిపోదు, ‘మోస్ట్ హంబ్లీ’ అనాలి. సర్కారుకు రాసేటప్పుడు గోరంతను కొండంత చెయ్యడం మా వాళ్ళ అలవాటు. లేకపోతే ఎవరు వింటారు?

కొత్తగా వచ్చిన దొర మాత్రం ఎర్రసిరాతో నా ‘వెరీ’లన్నీ వరసగా కొట్టేశాడు. వీటిని ఏరేస్తేగానీ నీ కాగితంలో నిజం ఎంతుందో తెలియదన్నాడు. అందరి ముందూ తల తీసేసినట్టయింది. పంతం పట్టి, ఆరు నెలల్లో ఒక్క ‘వెరీ’ లేకుండా రాయడం నేర్చుకున్నాను. ఒకరోజు ఆయనే, కచేరీలో అందరికంటే శుభ్రమైన ఇంగ్లీషు నాదన్నాడు. ఆ మాట చెప్పుకోవడానికి ఇంట్లో మనిషి లేదు. నా భార్య జ్వరం తగిలి మండపేట దగ్గర పుట్టింటికి వెళ్ళి నెలయింది. ఒక్కణ్ణే వండుకుని, గోడకేసి చూస్తూ తినేవాణ్ణి. నా మెప్పు ఆ గోడకే చెప్పుకున్నాను.

శ్రావణంలో మా బావమరిది దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ‘చెల్లాయికి కొంచెం నలతగా ఉందండి. వీలు చూసుకుని ఒకసారి వచ్చి వెళ్ళండి.’ అంతే.

దూరాన ఉన్న మనిషికి రాసేటప్పుడు మేము కొండంతను గోరంత చేస్తాం, దారిలో గుండె ఆగకూడదని. ‘కొంచెం నలత’ అని ఉత్తరం వచ్చిందంటే వెంటనే బయల్దేరమని అర్థం.

వరదల రోజులు. దొర సంతకం లేకుండా కదిలితే ఉద్యోగం ఉండదు. సెలవు చీటీ రాయడానికి కూర్చుని, ‘వెరీ డేంజరస్లీ ఇల్’ అని రాసి చూసుకున్నాను. సిగ్గేసింది. మొదటి రెండు మాటలూ తీసేసి శుభ్రంగా తిరగరాశాను. భార్యకు ఒంట్లో బాగాలేదు, సెలవు కావాలి. దొర చదివి, వరద తగ్గాక వెళ్ళమన్నాడు, మర్యాదగానే. నోరు తెరిచి చెప్పి ఉంటే పంపేవాడు. నేను సరేనని వచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నాను.

ఎనిమిదో రోజున సెలవు దొరికింది. పడవ దిగి వెళ్ళేసరికి ముందురోజే అంతా అయిపోయింది. నాకోసం కబురు పట్టుకుని బయల్దేరిన మనిషి దారిలో నన్ను దాటిపోయాడట. తలకొరివి మా బావమరిదే పెట్టాడు. అరుగు మీద నా పక్కన కూర్చుని, నెమ్మదిగా అడిగాడు.

“నలతగా ఉందని రాశాను కదండీ బావగారూ. మీకు అర్థం కాలేదాండి?”

కాలేదని ఒక్క అబద్ధం ఆడితే ఆయన నన్ను క్షమించేవాడు.

“అర్థమైందండి,” అన్నాను.

ఆయన లేచి లోపలికి వెళ్ళాడు. ఆ ఇంటి నుంచి నాకు మళ్ళీ ఉత్తరం రాలేదు.