ఎనిమిదో బండ

దెయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయే రకాన్ని నేను. ఇప్పటికీ అంతే. విజయనగరంలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుందని పిల్లలకి రోజూ చెప్పే నోటితో ఈ సంగతి ఎలా చెప్పాలో తెలియక ఇన్నేళ్ళూ ఊరుకున్నాను.

స్మార్ట్‌ఫోన్లు అప్పుడప్పుడే పల్లెల్లోకి వస్తున్న రోజులు. భూగోళాన్ని తెర మీద తిప్పి చూపించే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఎవరైనా కోడ్ రాసి దానికి కొత్త భాగాలు కలపొచ్చు. సముద్రంలో ఒక చోట నిలబడి ఒడ్డుకేసి చూస్తే కొండలు ఎలా కనపడతాయో చూపించే భాగం ఒకటి నేను కలిపాను.

అది భోగాపురం దగ్గర పల్లెలో ఉండే మా మేనమామ కోసం రాసిందే. నీళ్ళ అడుగున చేపలుండే రాతి దిబ్బల్ని మావాళ్ళు బండలంటారు. ఒడ్డున ఫలానా కొండకి సూటిగా ఫలానా చెట్టు వస్తే కింద బండ ఉన్నట్టు. ఆ గుర్తులు ఇంటి గుట్టు, బయటికి చెప్పరు.

మామ నా ల్యాప్‌టాప్ ముందు గొంతుక్కూర్చుని, "ఆగాగు... కూసింత దచ్చినానికి లాగు. ఆఁ, ఇక్కడే!" అంటూ ఏడు బండలు చెప్పాడు. ఆయనకి చదువు రాదు. ఆయన పేరుతో ఖాతా తెరిచి నేనే టైపు చేశాను. పాస్‌వర్డ్ నాకొక్కడికే తెలుసు.

ఎనిమిదోదాని దగ్గర ఆగిపోయాడు. "అది మా అయ్య సెప్పిన బండరా అల్లుడా. ఎవులికీ సెప్పను. నీక్కూడా."

ఆ ఏడింటినీ నేను అందరికీ కనిపించేలా పెట్టేశాను. నలుగురితో పంచుకోవడమంటే నాకప్పుడు పిచ్చి. నాలుగు నెలలు తిరక్కుండానే ఎక్కడెక్కడి పడవలవాళ్ళో ఫోన్లు పట్టుకుని వాటి మీదికి వచ్చిపడ్డారు. మామ నన్ను పల్లెత్తు మాట అనలేదు. "పోన్లేరా, సముద్రం మన బాబు సొమ్మా ఏటి?" అని నవ్వేశాడు.

ఏడు బండల దగ్గరా చేపలు ఖాళీ అయ్యాక మామ ఎనిమిదోదానికి తెప్ప మీద వెళ్ళాడు. గుట్టు బండకి తోడెవరినీ తీసుకెళ్ళరు. మధ్యాహ్నం గాలి మారింది. మామ తిరిగి రాలేదు.

అత్త గాజులు తియ్యనంది. "పోనాడని ఎవులు సూసినారు? ఏ దిక్కున పోనాడో సెప్పండి, తీస్తాను" అంది. రోజూ మామ కంచంలో అన్నం పెట్టేది. నేను ఆవిడ మొహం చూడలేకపోయేవాణ్ణి.

పదకొండో రోజు మధ్యాహ్నం ల్యాబ్‌లో క్లాసు అయ్యాక నా బల్ల దగ్గరికొచ్చి, నా సాఫ్ట్‌వేర్ భాగానికి కొత్తగా ఎవరేం గుర్తులు పంపారో చూశాను. నేను ఒప్పుకుంటేనే అవి అందరికీ కనిపిస్తాయి. మామ ఖాతా నుంచి ఒకటి వచ్చి ఉంది.

"పెదకొండ మెడలోకి ఒంటి తాడి రావాల. లైటవుసు సినకొండ ఎనక్కి దాగాల. ఇరవై రెండు బారలు."

ఎప్పుడు, ఎక్కడి నుంచి వచ్చిందో లాగ్‌లో చూశాను. అది వచ్చింది నా కంప్యూటర్ నుంచే, నేను బోర్డు దగ్గర పాఠం చెబుతున్న సమయంలోనే. ముప్పై మంది పిల్లలు ఎదురుగా ఉన్నారు. నా కుర్చీ ఖాళీగా ఉందని అందరూ అన్నారు. పోనీ, పాస్‌వర్డ్ ఎవరో కొట్టేశారనుకుందాం. పోనీ, నేనే మతి తప్పి టైపు చేశాననుకుందాం. మరి ఆ గుర్తులు నాకెవరు చెప్పారు?

మామ తమ్ముడికి చదివి వినిపిస్తే, "ఇది మా అన్న మాటేరా" అని కూలబడిపోయాడు. ఆయనకీ ఆ బండ తెలియదు.

మర్నాడు పొద్దున్నే ఆయనా నేనూ పడవలో వెళ్ళాం. తాడిచెట్టు కొండ మెడలోకి వచ్చింది. లైట్‌హౌస్ దాగింది. తాడు దించితే ఇరవై రెండు బారలకి రాయి తగిలింది. కొక్కెం వేసి ఈడిస్తే మూడోసారికి మామ లంగరు పైకొచ్చింది. మా పల్లెలో లంగరు తాడుకి ఆనవాలుగా ఇంటి ఆడమనిషి చీర ముక్క కడతారు. అత్త పసుపు చీర ముక్క దానికి ఇంకా ఉంది.

ఆ ముక్కని అత్త మంచినీళ్ళలో జాడించి ఆరేసింది. తర్వాత ఎవరూ చెప్పకుండానే గాజులు తీసేసింది. నేను కాళ్ళ మీద పడి, ఆ ఏడు బండలూ బయటపెట్టింది నేనేనని, మామ చావు నా వల్లేనని ఏడ్చాను.

"నాకు తెలుసు" అంది.

ఆ ఎనిమిదో బండ ఇప్పటికీ నా జాబితాలో అలాగే ఉంది. ఒప్పుకోలేదు, కొట్టెయ్యనూ లేదు. అది ఎలా వచ్చిందో ఎందరినో అడిగాను, ఎవరూ చెప్పలేకపోయారు. నాకూ తెలియదు.

ఏటా మామ పోయిన రోజున అత్త బస్సెక్కి విజయనగరం వస్తుంది. ల్యాబ్‌లో కూర్చోబెట్టి, తెర మీద ఆవిణ్ణి ఆ బండ దగ్గరికి తీసుకెళ్ళి ఒడ్డుకేసి తిప్పుతాను. కొండలు కనిపిస్తాయి. చాలాసేపు చూస్తుంది. లేచేముందు ప్రతిసారీ ఒకే మాట అడుగుతుంది.

"ఒడ్డు దగ్గిరగానే కనిపిస్తన్నాది కదరా?"