సాఫ్ట్‌వేర్‌లో కొసరు

"అన్నా, నువ్వు ఇన్నేండ్లు పేపర్ల రాసినవ్ గదా. మా మిల్లుల కంప్యూటర్ మీద తెలుగు మాటలు నువ్వే రాసియ్యాలె. పొద్దుగాల్నే రా," అంది మా చిన్నాయన కూతురు. నేను సరే అనేలోగా ఫోన్ పెట్టేసింది.

ఇబ్రహీంపట్నం నుంచి మంచాల వెళ్లే దారిలో ఆమెకు పశువుల దాణా మిల్లు ఉంది. మొక్కజొన్న, తవుడు, పత్తి చెక్క, పల్లి చెక్క కొని, మర పట్టించి, కలిపి, బస్తాల్లో నింపి అమ్ముతుంది. దినపత్రికలో పని మానేశాక నాకు తీరిక ఎక్కువైంది. మర్నాడు చాయ్ తాగి, గంటలో వచ్చేస్తానని ఇంట్లో చెప్పి బయల్దేరాను. ఆ తర్వాత ఎన్ని వారాలు రోజూ ఆ మిల్లుకు వెళ్లానో మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ చెప్పి నవ్వుతుంటారు.

చెల్లెకు సాఫ్ట్‌వేర్ సరదా ఏమీ లేదు. అవసరం పడింది. ఒకప్పుడు తుర్కయాంజాల్, బడంగ్‌పేట్ వైపు నుంచి కూడా పాడి రైతులు ఆటోల్లో వచ్చి బస్తాలు వేసుకుపోయేవారు. ఇప్పుడు అక్కడ పొలాలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లలో అపార్ట్‌మెంట్లు లేచాయి. బర్రెలున్న ఇళ్లు తగ్గాయి. మంచాల వైపు పల్లెల వాళ్లతోనే మిల్లు ఎలాగో నెట్టుకొస్తోంది. సరిగ్గా అప్పుడే ఒక పాల డెయిరీ వాళ్లు వచ్చారు. తమకు పాలు పోసే రైతులందరికీ దాణా ఇక్కడి నుంచే తీసుకుంటామన్నారు. షరతు ఒక్కటే. ఏ బస్తా మీద చెయ్యి పెట్టినా, అందులో కలిసిన ప్రతి సరుకూ ఏ లారీలో ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికక్కడే చూపించాలి. రేపు ఎక్కడైనా ఓ బర్రె దాణా తిని జబ్బు పడితే, అదే సరుకు కలిసిన బస్తాలన్నిటినీ వెనక్కి రప్పించాలి కదా. ఇది నోటిమాటతో అయ్యే పని కాదు, ఈఆర్పీ సాఫ్ట్‌వేర్ ఉండాలన్నారు. అది పెట్టుకున్నాక వచ్చి పరీక్షిస్తామన్నారు.

"గిది కుదిరితే మిల్లుంటది. లేకుంటే నేను గూడ గీ జాగ ప్లాట్లు జేసి అమ్ముకునుడే," అంది చెల్లె. నవ్వుతూనే అంది గానీ, అప్పుడే లారీ దింపుతున్న హమాలీల వైపు ఒకసారి చూసింది.

సాఫ్ట్‌వేర్ పెట్టడానికి వచ్చిన ఇంజనీరమ్మ తుర్కయాంజాల్ నుంచి స్కూటీ మీద వచ్చేది. బడికి వెళ్లే బిడ్డను దింపి, హెల్మెట్ తీయకుండానే మిల్లులోకి నడిచేది. మొదటి రోజు ఆమె ఏ కంప్యూటరూ తెరవలేదు. అందరినీ ఒకటే ప్రశ్న అడుగుతూ తిరిగింది: "ఇప్పుడు మన దగ్గర తవుడెంతుంది?"

గుమాస్తా ఒక సంఖ్య చెప్పాడు. గోదాము చూసే హమాలీ మేస్త్రి గోడ మీది సుద్ద గీతలు చూసి ఇంకోటి చెప్పాడు. కలిపే మిషను దగ్గరి మనిషి "ఇయ్యాల్టికి సాలుతది" అన్నాడు. గేటు దగ్గర బిల్లులు రాసే ఆయన, అది తనకెందుకు తెలుస్తుందన్నాడు. చెల్లె తన ఫోన్‌లో వెతికింది. తవుడు మాత్రం ఎవరికీ పట్టనట్టు గోదాములో కూర్చుని ఉంది.

"సార్, ఈఆర్పీ అంటే గింతే," అంది ఇంజనీరమ్మ నాతో. "కొనేటోళ్లు, దాచేటోళ్లు, కలిపేటోళ్లు, అమ్మేటోళ్లు, అందరు ఒక్క తాన్నే రాస్తరు. ఒకరు రాసింది అందరికి కనవడ్తది."

టేబుల్ మీద తెల్లగా పేరుకున్న పిండి దుమ్ములో వేలితో మూడు గీతలు గీసింది. పై గీత స్క్రీన్, మనం చూసేది, నొక్కేది. అడుగు గీత డేటాబేస్, రాసిందంతా భద్రంగా ఉండే చోటు. అది మన మిల్లులో ఉండదట, ఎక్కడో సర్వర్లలో ఉంటుందట. మధ్య గీత నియమాలు. ఏది అడగొచ్చో, ఏది కుదరదో, ఒకటి జరిగితే దాని వెంట ఇంకేం జరగాలో అక్కడే తేలుతుంది. పైనున్నది నేరుగా కిందికి పోదు. ప్రతి మాటా నడిమి గీత దాటే పోవాలి.

నాకు మా పత్రికాఫీసు కళ్ల ముందు కదిలింది. ఊళ్ల నుంచి వార్తలు పంపే విలేకరులు, నడుమ కూర్చుని దిద్దే డెస్కు, వెనక పాత సంచికలన్నీ దాచిన గది. విలేకరి ఎంత గొప్పవాడైనా డెస్కు దాటకుండా అచ్చులోకి రాలేడు. "అంటే నడిమిట్లది డెస్కన్నట్టు!" అన్నాను. ఆమెకు డెస్కు సంగతి తెలియదు, కానీ నా హుషారు చూసి తలూపింది.

మొదటి లారీ మొక్కజొన్న సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిన రోజు నేను చేసిన పని చెబితే నవ్వుతారు. గేటు దగ్గర తూకం వేసి, లారీ వివరాలు కొట్టి, మీట నొక్కారు. నేను గబగబా గోదాము గదిలోకి నడిచి చూశాను. అక్కడి స్క్రీన్ మీద నిల్వ పెరిగింది, ఆ లారీ సరుకును గుర్తుపట్టేలా దానికో లాట్ నంబరు పడింది. అక్కడి నుంచి ఆఫీసు గదికి పోయాను. అక్కడా ఉంది! ఎవరూ కుర్చీలోంచి లేవలేదు, ఎవరూ ఎవరినీ కేకేయలేదు. రెండో లారీకి కూడా అలాగే తిరిగాను. ఇన్నేళ్లు వార్త ముందుగా చేరవేయడమే పనిగా బతికినవాణ్ణి, నాకంటే ముందు అది ప్రతి గదిలోకీ చేరిపోతుంటే ఒళ్లు పులకరించింది.

నా పని కూడా చేశాను. స్క్రీన్ మీద రావలసిన మాటలు రాసిచ్చాను. 'ఇన్వెంటరీ' అన్నచోట 'నిల్వ' అని, 'డిస్పాచ్' అన్నచోట 'పంపింది' అని. 'లాట్'ను మార్చబోతే హమాలీ మేస్త్రి ఒప్పుకోలేదు. "లాట్ అంటే లాటే సారూ, గదాన్ని ఖరాబ్ జెయ్యకు" అన్నాడు.

సరుకు బయటికి పోయే నియమాలు రాసేముందు ఇంజనీరమ్మ అందరినీ నిలబెట్టి అడిగింది. "బిల్లు లేకుండ గోదాములకెల్లి ఏమన్న బయటికి పోతదా? జర ఆలోచించి చెప్పుండ్రి."

"ఏం మాటమ్మా!" అన్నాడు మేస్త్రి. "నేనుండంగ గింజ గూడ పోదు."

చెల్లె పోదంది. గుమాస్తా పోదన్నాడు. ఆమె అలాగే రాసుకుంది.

డెయిరీ వాళ్లు రావడానికి ముందు మేమే ఒక పరీక్ష పెట్టుకున్నాం. ఇంజనీరమ్మ వరుసలోంచి ఒక బస్తా చూపించింది. దాని మీది కోడ్‌ను ఫోన్‌తో చదివించగానే సరుకుల జాబితా వచ్చింది. మొక్కజొన్న సరే, చెక్కలు సరే. తవుడు దగ్గర మేస్త్రి ఆగిపోయాడు.

"గీ లాట్ తవుడు గీ బస్త కంటె ముందే ఒడిసింది. గీ బస్తల కలిసింది కొత్తది."

"సిస్టంల ఇంకా ఉందని చూపిస్తుంది," అంది ఆమె.

"నీ సిస్టం గోదాంకొచ్చి సూసిందా?"

అందరం వెళ్లి చూశాం. ఆ లాట్ నిజంగానే అయిపోయింది. తెరలో మాత్రం ఇంకా కొన్ని బస్తాలు మిగిలున్నాయి. పాతది ముందు వాడాలన్నది నడిమి గీతలోని నియమం కాబట్టి, లేని తవుడును కొత్త బస్తాల్లో కలిపినట్టు రాసుకుంటూ పోతోంది. అంటే మేం డెయిరీ వాళ్లకు చూపించబోయేది అబద్ధం. సరిచేసి మళ్లీ మొదలుపెడితే, వారం తిరిగేసరికి మళ్లీ అదే తేడా. మిగతావన్నీ సరిపోతున్నాయి. తవుడొక్కటే ఎటో పోతోంది.

చెల్లె నెమ్మదిగా మేస్త్రి వైపు తిరిగింది. ఆయనకు అదే ఎక్కువైంది.

"నన్నంటున్నవా బిడ్డా? మీ బాపు కాలంనాటి మనిషిని. గింజ గూడ పోదని జెప్పిన గదా!" అంటూ విసురుగా గేటు వైపు నడిచాడు. మేం వెనకే వెళ్లాం. అక్కడ మంచాల వైపు నుంచి వచ్చిన ఒక రైతమ్మ తన బస్తాలు ఆటోలో వేయించుకుని, కొంగు పట్టుకుని నిలబడి ఉంది. మేస్త్రి మాకేసి తిరిగి, "ఎవడన్న ఒక్క గింజ తీసిండని సూపిస్తే ఇయ్యాల్నే ఇంటికి పోత!" అని అరుస్తూనే, చూడకుండానే గేటు పక్కనున్న తవుడు బస్తాలో చాట ముంచి, నిండుగా తీసి, ఆమె కొంగులో పోశాడు.

మేమందరం ఆ చాట వైపే చూశాం.

"గదేంది?" అంది ఇంజనీరమ్మ.

"ఏది?"

"ఇప్పుడు పోసినవ్ గదా, అది."

"ఓ గదా! గది కొసరు."

"మరి బిల్లుల లేదు గదా?"

"కొసరుకు బిల్లేందమ్మా?" అన్నాడు మేస్త్రి, నిజంగానే అర్థంకాక. రైతమ్మ కొంగు మూట కట్టుకుంటూ, "బిల్లేస్తే గది కొసరెట్లైతది?" అంది.

చెల్లె నుదురు కొట్టుకుని పకపకా నవ్వింది. ఆమె కూడా పుట్టినప్పటి నుంచి ఆ చాటను చూస్తూనే ఉంది. అడిగినప్పుడు ఆమె అబద్ధం చెప్పలేదు, మేస్త్రీ చెప్పలేదు. కొసరు అంటే ఇచ్చినట్టు కాదు. బస్తా కొన్నవాళ్లకు ఒక చాట పడుతుంది, అంతే. వచ్చిన ప్రతి రైతుకూ, రోజూ.

"డెయిరీ వాళ్లు వచ్చిపోయే దాక బంద్ పెడ్దాం అక్కా," అంది ఇంజనీరమ్మ.

"బంద్ జేస్తే నేను గూడ రావుడు బంద్," అంది ఆటో ఎక్కబోతున్న రైతమ్మ, ఎవరూ అడగకపోయినా.

చెల్లె రైతమ్మ కొంగులోని మూట వైపు చూసింది. ఇక్కడే అంతా తారుమారయ్యేలా ఉందని నాకనిపించింది. డెయిరీ కావాలి, అది లేకపోతే మిల్లు లేదు. కానీ ఇన్నాళ్లూ మిల్లును నిలబెట్టినవాళ్లు ఈ కొంగులు పట్టేవాళ్లే.

"కొసరు ఆగదు," అంది చివరికి. "నీ సాఫ్ట్‌వేర్‌కే చెప్పు, గిట్ల ఇస్తమని."

ఇంజనీరమ్మ ముఖం వెలిగింది. మళ్లీ పిండి దుమ్ములో మూడు గీతలు గీసి, నడిమి గీత మీద వేలు పెట్టింది. పైన స్క్రీన్ అలాగే ఉంటుంది, అడుగున దాచింది అలాగే ఉంటుంది, ఒక్క నియమం కలిపితే చాలు. గేటు దగ్గర బస్తాకు బిల్లు పడగానే దాని వెంటే, ధర లేకుండా, తెరిచి ఉన్న లాట్‌లోంచి ఒక చాట తవుడు తగ్గిపోవాలి. అంతే!

అయితే చాట ఎంత? మేస్త్రి చేతిని తూకానికి పెట్టాల్సి వచ్చింది. ఆయన మూతి ముడుచుకుని పోశాడు. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. "ఇంట్ల ఈనిన బర్రె ఉంటే జర ఎక్కువ పోస్త. గది గూడ రాస్తరా?" అన్నాడు. చివరికి ఒక డబ్బా నిర్ణయించాం. మర్నాడు చూస్తే, డబ్బాతో పోశాక పిడికిలితో ఇంకొంచెం వేస్తున్నాడు.

"అదేంది మళ్లా?" అంది ఇంజనీరమ్మ.

"డబ్బ నీది. పిడికిలి నాది."

ఆమె నవ్వి, ఆ మాత్రం తేడాను తరుగు కింద వదిలేసింది. తెర మీద ఆ వరుసకు పేరు నేను పెట్టాలి. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. 'కొసరు' అని కొట్టాను.

డెయిరీ నుంచి ఇద్దరు వచ్చారు. పెద్దాయన వరుస అడుగునున్న బస్తా బయటికి తీయించాడు. కోడ్ చదివించగానే లాట్లన్నీ వచ్చాయి. ఆయన వాటిని గోదాములో సరుకుల మీద అంటించిన లాట్ చీటీలతో పోల్చాడు. సరిపోయాయి. అప్పుడు తవుడు వరుస మీద వేలు ఆపాడు.

"కొసరేంది? రోజూ పోతున్నది, ధర లేదు. ఎవరి నోట్లకు పోతుంది గిది?"

చెల్లె ముందుకు వచ్చింది. "గేటు కాడికొచ్చే రైతులకు. మొన్నటిదాక రాయకుండ ఇచ్చినం, మీ బస్తల లెక్క తప్పు వచ్చింది. ఇప్పుడు రాసి ఇస్తున్నం. ఇచ్చుడు మాత్రం ఆపం అన్నా, ముందే చెప్తున్న."

ఆయన తవుడు బస్తాలు తూకానికి పెట్టించాడు. నేను స్క్రీన్ దగ్గర నిలబడ్డాను. పిడికిళ్ల తేడా తప్ప అంతా సరిపోయింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"మరి మా లారీకి కొసరుంటదా?"

"లారీ కొంగు పట్టుకొని నిలవడితే పోస్తం," అన్నాడు మేస్త్రి వెనక నుంచి.

ముందు నవ్వింది ఆ పెద్దాయనే. ఆర్డరు అక్కడే ఖాయం చేశాడు. వివరాలు ఇంజనీరమ్మ కొట్టింది, మీట మాత్రం చెల్లె చేత నొక్కించింది. పక్క గదిలో మిషను దగ్గరి తెర మీద ఆ క్షణమే పిలుపు మోగింది, మోటారు అందుకుంది, కాళ్ల కింద నేల సన్నగా అదిరింది. "సార్, నిల్వ చూడండి, నిల్వ!" అని ఇంజనీరమ్మ కేక వేసింది. మొక్కజొన్న తగ్గుతోంది, తవుడు తగ్గుతోంది, కొత్త లాట్ పుడుతోంది. చెల్లెను పిలుద్దామని తిరిగాను. ఆమె తెర వైపు చూడటమే లేదు. అప్పటికే తలుపు అవతల మిషను కింద నిలబడి, గొట్టంలోంచి వెచ్చగా రాలుతున్న దాణాను రెండు చేతులా పట్టుకుని వాసన చూస్తోంది.