మోకాలు ఇక బాగుకాదని చెప్పాను

స్కూల్లో ఉన్నప్పటి నుంచీ నేనూ నా స్నేహితురాలూ ఒక జోడీ. మా ఇల్లు ఎల్బీ నగర్‌లో, వాళ్లది దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల హాస్టళ్ల వెనక సందులో. చదువు పక్కన పెట్టి ఇద్దరం ప్రొఫెషనల్ టెన్నిస్‌లోకి దిగాం. సింగిల్స్‌లో ఇద్దరం అంతంతమాత్రమే. డబుల్స్‌లో మాత్రం మాకంటే పెద్ద ర్యాంకు వాళ్లు కూడా మమ్మల్ని చూసి జంకేవారు. నేను వెనక నిలబడి బంతిని ఆపేదాన్ని, ఆమె నెట్ దగ్గర పాయింటు ముగించేది. షోలాపూర్, గ్వాలియర్, అహ్మదాబాద్, ఎక్కడ టోర్నీ ఉంటే అక్కడికి రైల్లో వెళ్లేవాళ్లం. హోటల్లో ఒకే గది. ఉతికిన సాక్సులు కిటికీకి ఆరేసుకుని, వాళ్లమ్మ కట్టిచ్చిన సకినాలు తింటూ మర్నాటి ఆట గురించి పోట్లాడుకునేవాళ్లం.

ఒక టోర్నీలో, పక్కకి పోతున్న బంతి కోసం ఒక్కసారిగా తిరిగినప్పుడు నా ఎడమ మోకాలిలో లిగమెంట్ తెగింది. మలక్‌పేటలో ఆపరేషన్ చేయించుకున్నాను. ఓపిక పట్టి వ్యాయామం చేస్తే ఏడాదిలోపే మళ్లీ ఆడొచ్చని డాక్టర్ చెప్పారు.

ఆమె నా కోసం ఆగింది.

టెన్నిస్‌లో ర్యాంకు మన కోసం ఆగదు. నిరుడు గెలిచిన పాయింట్లు ఈ ఏడు అదే వారానికి పోతాయి. వాటి స్థానంలో కొత్తవి రాకపోతే కిందికి జారిపోతాం. అది తెలిసి కూడా ఆమె వేరే ఎవరితోనూ డబుల్స్ ఆడనంది. సింగిల్స్ ఆడి, తొందరగా ఓడి, రైలెక్కి ఇంటికొచ్చేది. సాయంత్రం మా ఇంటికొచ్చి నా కాలి కింద దిండు సర్దేది. ఆమె దిండు సర్దుతున్నంతసేపూ నేను టీవీ వైపు చూసేదాన్ని. ఆమె మొహం చూడాలంటే నాకు ధైర్యం చాలేది కాదు.

అలాంటి రోజుల్లో పుణె నుంచి ఒక ప్లేయర్ నాకు ఫోన్ చేసింది. మంచి ర్యాంకున్న అమ్మాయి. తనకి జోడీ కావాలట, నా జోడీని రెండుసార్లు అడిగితే కాదందట. "నువ్వు చెబితే వింటుందేమో" అంది. అలాంటి అవకాశం మాలాంటి వాళ్లకి మళ్లీ రాదు. నేను అడిగితే ఆమె వినదని నాకు తెలుసు.

ఆ ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. అప్పుడే చర్చి నుంచి వచ్చినట్టున్నారు. చేతికర్రతో మూడో అంతస్తు ఎక్కిన నన్ను చూసి ఆమె కంగారుపడింది.

"గీ మెట్లన్నీ ఎట్ల ఎక్కినవే? ఫోన్ చేస్తే నేనే ఒస్తుంటి కదా!"

కూర్చుని చెప్పాను. "మొన్న చెకప్‌కి పోయిన. ఇగ ఆడుడు కాదన్నడు డాక్టర్."

"ఇంకెన్ని నెలలంట?"

"నెలలు కాదు. ఇగ ఎన్నడూ కాదంట."

వంటింట్లోంచి వాళ్లమ్మ తడి చేతులతో బయటికి వచ్చింది. ఆమె దవాఖానలో నర్సు. ఇలాంటి మోకాళ్లు ఎన్నో చూసిన మనిషి. ఆ సంగతి నేను బయల్దేరేటప్పుడు మర్చేపోయాను.

"డాక్టర్ గట్లనే అన్నడా, బిడ్డా?"

"అవునాంటీ."

ఆమె నన్ను తేరిపార చూసింది. తర్వాత లోపలికి వెళ్లి కూర కలిపింది. నా జోడీ మాత్రం నా చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "నువ్వు లేకుంటే నాకెందుకే గీ ఆట" అంది. అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. పుణె అమ్మాయి మాట ఎత్తాను.

వాళ్లమ్మ నన్ను కిందిదాకా దింపింది. ఆటో ఎక్కుతుంటే చిన్నగా అంది. "ఎక్సర్‌సైజులు మానకు బిడ్డా. మంచిగైతది."

నా జోడీ పుణె అమ్మాయితో కలిసి చాలా దూరం వెళ్లింది. మేమిద్దరం పేర్లు మాత్రమే విన్న దేశాల్లో ఆడింది. గెలిచినప్పుడల్లా ముందు నాకే ఫోన్ చేసేది. ఆ గెలుపులో నా వాటా కూడా ఉందని లోలోపల పొంగిపోయేదాన్ని. అబద్ధం చెప్పినందుకంటే ఆ పొంగుకే నాకిప్పుడు ఎక్కువ సిగ్గేస్తుంది.

నా మోకాలు డాక్టర్ చెప్పినట్టే బాగయింది. వనస్థలిపురంలో పిల్లలకి కోచింగ్ ఇస్తున్నానని ఆమెకు చెప్పాను. నేనూ ఆడుతున్నానని చెప్పలేదు. ఒకరోజు చెప్పాపెట్టకుండా కోర్టుకొచ్చింది, పిల్లలకని చాక్లెట్లు పట్టుకుని. నేను బంతి కోసం ఆ మూల నుంచి ఈ మూలకి పరిగెడుతున్నాను. కంచె బయట ఆమెను చూసి ఆగిపోయాను.

"ఎన్నడు బాగయింది?"

"డాక్టర్ మొదటి నుంచీ ఆడొచ్చనే అన్నడు" అన్నాను. "నీ ర్యాంకు పోతుంటే చూడలేకపోయిన."

"అమ్మకు ఎరుకనా?"

నేను రాకెట్ తీగలు సర్దుకుంటూ నిలబడ్డాను. ఆమె చాక్లెట్ల డబ్బా బెంచీ మీద పెట్టి వెళ్లిపోయింది. వాళ్లమ్మతో కూడా చాలా రోజులు మాట్లాడలేదని తర్వాత తెలిసింది.

నేను మళ్లీ టోర్నీలు ఆడటం మొదలుపెట్టాక ఎదురుపడింది బెంగళూరులో, ఒక టోర్నీ డబుల్స్ మొదటి రౌండులో. నెట్‌కి అటు ఆమె, పుణె అమ్మాయి; ఇటు నేను, నా కొత్త జోడీ. నన్ను ఎక్కడ కొట్టాలో ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఎడమ పక్కకి దూరంగా బంతి వేస్తే ఆ మోకాలి మీద బరువు మోపి తిరగడానికి నాకు ఇప్పటికీ భయమే. ఆట మొత్తంలో ఆమె ఒక్క బంతి కూడా అటు వెయ్యలేదు. దానివల్ల ఒక సెట్ పోగొట్టుకున్నారు కూడా. చివరికి వాళ్లే గెలిచారు.

చేతులు కలిపేటప్పుడు అడిగాను. "ఎడమకు ఎందుకు కొట్టలే?"

"కొట్టబుద్ధి కాలే." చెయ్యి వదల్లేదు. "నువ్వు అడిగితే నేను పోకపోతుంటి. గది నీకు ఎరుకే. గందుకే నువ్వు అడగలే. అబద్ధం సంగతి నేనెప్పుడో ఇడిసిన. నన్ను అడగకుండ నా గురించి నువ్వు డిసైడ్ చేసినవ్ చూడు, గది మాత్రం పోతలేదు."

తప్పయిందన్నాను. సరేనన్నట్టు తలూపి, బ్యాగు భుజానికి తగిలించుకుంది.

ఇప్పుడు మాట్లాడుకుంటాం. పండగలకి వాళ్లింటికి వెళతాను. వాళ్లమ్మ నాకు ఇంకో ముక్క కూర వేస్తుంది. మళ్లీ కలిసి ఆడదామని మాత్రం నేనూ అడగలేదు, ఆమె కూడా అడగలేదు.