సత్రపట్టి తాత కోసం కాచుకున్న పాలు

నిన్న మనవరాలు మూరెడు మల్లెపూలు తెచ్చి నా ఒళ్ళో పడేసింది. వాసన తగలగానే తీసి దేవుడి పటానికి వెయ్యమన్నాను. అవ్వకు మల్లెపూలు పడవని అది నవ్వింది. పడకపోవడం కాదు. తమిళనాట రాజపాళయంలో మా పాత ఇంట్లో, మా పిన్నమ్మ రొమ్ముల మీద గుడ్డతో బిగించి కట్టిన పూల వాసన అది. బిడ్డ పోయిన బాలింతకు పాలు ఇంకిపోవాలని మల్లెపూలు అలా కట్టేవాళ్ళు. ఆమెకు రెండుసార్లు కట్టారు.

పిన్నమ్మ అంటే మా చిన్నాయన భార్య, వెంకటలక్ష్మి. నాకు జడ వేసిందీ, అక్షరాలు దిద్దించిందీ, పెద్దవాళ్ళ ముందు నోరు విప్పడం నేర్పిందీ ఆమే. పిన్నమ్మకు తల్లి లేదు కాబట్టి ఆమె మొదటి కాన్పు మా ఇంట్లోనే జరిగింది. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళుంటాయేమో. మా వైపు బిడ్డ పుడితే సేనై పెట్టాలి. ఇంటిపెద్ద చక్కెరనీళ్ళు వేలితో తీసి బిడ్డ నాలుకకు తాకించడమే సేనై. ఎవరు పెడితే వాళ్ళ గుణం బిడ్డకు వస్తుందని నమ్మకం. మా వాళ్ళ లెక్కలో గుణవంతుడంటే మా తాతకు అన్న, సత్రపట్టి ఊళ్ళో ఉండే సత్రపట్టి తాత ఒక్కడే. ఆయన చెయ్యి పడేదాకా తల్లిపాలు పట్టకూడదు. ఆయనేమో అష్టమి, నవమి పోతే గాని బండి కట్టించడు.

అందాకా దూదివత్తితో నీళ్ళు కలిపిన ఆవుపాలు పట్టారు. పిన్నమ్మకు పడిన తొలి పాలు చీములా పచ్చగా ఉన్నాయని మా అవ్వ, అంటే మా నాయన తల్లి, పిండించి పారబోయించింది. తాత వచ్చేసరికి బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. సేనై అయ్యాక రొమ్ముకు పట్టారు గాని, వాడికి చప్పరించే ఓపిక లేదు. వాడు పోయాక పిన్నమ్మ రొమ్ములు రాళ్ళలా గట్టిపడి, జ్వరంతో మూలిగింది. రెండోసారి ఆడపిల్ల. దీపావళి నెల ఐప్పసి వానలకు వాగు పొంగి తాత బండి ఆగిపోయింది. ఆ పిల్లా అలాగే పోయింది. ఆ ఇంట్లో ఒక్కరు కూడా చెడ్డవాళ్ళు కారు. ఇప్పటికీ నాకు మింగుడుపడనిది అదే.

ఆ వానలు వెలిశాక మా ఆవు ఈనింది. పాలు పితకబోయిన పాలేరును అవ్వ కసిరింది. ముందు దూడను వదలమనీ, తొలి పాలు తాగని దూడ నిలబడదనీ అంది. పిన్నమ్మ గిన్నె పట్టుకుని పక్కనే నిలబడి ఉంది.

"ఈ దూడకి ఎవురు సేనై పెట్టినారు అత్తా?" అని అడిగింది.

అవ్వ వంగి దూడను పొదుగు దగ్గరికి తోసింది. దూడ తాగగా మిగిలిన పాలతో జున్ను చేసి వీధిలో అందరికీ పంచారు. పిన్నమ్మ ముట్టలేదు. ఆమెకు మళ్ళీ కడుపు పండలేదు.

యుద్ధం రోజుల్లో నేను తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చాను. బిడ్డల్ని పోగొట్టుకున్న మనిషి పురిటిగదిలోకి రాకూడదు గనక పిన్నమ్మను పెరట్లో నీళ్ళు కాచమని కూర్చోబెట్టారు. మధ్యాహ్నం నాకు కొడుకు పుట్టాడు. సత్రపట్టికి మనిషిని పంపడానికి అవ్వ వాకిట్లోకి వెళ్ళగానే పిన్నమ్మ లోపలికి వచ్చింది. నా పక్కనున్న మా అమ్మ ఆమెను చూసి, చూడనట్టు గోడవైపు తిరిగింది.

"తాతకోసరం కాచుకోవద్దు పాపా. నేను కాచుకున్నా," అని బిడ్డను తీసి నా రొమ్ముకు పట్టించింది.

వాడు పట్టుకున్నాడు. నాకు కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వచ్చింది. అప్పటిదాకా ఎక్కువగా పోతున్న నెత్తురు మెల్లగా తగ్గుముఖం పట్టింది. తాత వచ్చేదాకా చాటుగా పాలు ఇస్తూనే ఉన్నాను. ఆయన వచ్చి తీరిగ్గా సేనై పెట్టాడు. పిల్లాడు దుక్కలా పెరిగితే అందరూ తాత చేతి చలవే అన్నారు. నిజం చెప్పబోతే పిన్నమ్మ వద్దని తల ఊపింది.

వాడికి ఐదో నెల. చాప మీద బోర్లాపడి కేరింతలు కొడుతున్నాడు. చింతపండు గింజలు తీస్తున్న పిన్నమ్మ చెయ్యి ఆగిపోయింది. వాడివైపు తిరిగింది.

"ఇంతేనా పాపా?" అంది. "ఇంత మాత్రానికేనా నావి రెండూ పోయినాయి?"

అన్నాళ్ళూ తలరాత అనుకుని ఎలాగో బతికింది. నా కొడుకు బతికి ఆ కాస్త ఊరటా లాగేసుకున్నాడు. ఆ తర్వాత ఆమె వాడిని ఎత్తుకోలేదు. కొన్నేళ్ళకు, ఎవరితోనూ పెద్దగా మాట్లాడకుండానే పోయింది.

మా వాళ్ళలో ఎవరు కన్నా ఇప్పటికీ నేను వెళతాను. బిడ్డ రొమ్ము పట్టేదాకా మంచం దగ్గరనుంచి కదలను. మొండి ముసలిదని విసుక్కుంటారు, విసుక్కోనీ. గుటక పడిన చప్పుడు వినగానే గదిలో అందరి మొహాలూ వికసిస్తాయి. నాకు మాత్రం ప్రతి గుటక వెనకా పిన్నమ్మ అడుగుతూనే ఉంటుంది, ఇంతేనా అని.