మైకులో చదివిన పన్ను

ఎనభైల మొదట్లో పూతలపట్టు దగ్గర మా నాయన స్నేహితుడి వేరుశనగ నూనె మిల్లు కాలిపోయింది. నాయనకు చిత్తూరులో బెల్లం మండీ. ఇద్దరూ పాకాల బడిలో ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్లు. మిల్లు మళ్లీ తెరిచిన రోజు నాయన బ్యాంకులోంచి తీసిన ముప్పై వేలు తాంబూలం పళ్లెంలో పెట్టి స్నేహితుడి చేతికిచ్చాడు.

మా వైపు శుభకార్యంలో ఎవరేమిచ్చినా మైకులో చదువుతారు. ఇది మాత్రం చదవొద్దని నాయన ముందే చెప్పాడు. స్నేహితుడు ఆగలేకపోయాడు. చదివే మనిషి చేతిలోంచి మైకు లాక్కుని, "మావాడి చదివింపు ముప్పై వేలు!" అని కేక పెట్టాడు. రోడ్డు మీద బస్సు కోసం నిలబడినవాళ్లకూ వినిపించింది.

"ఊరంతా సాటినావు గదరా," అని నాయన విసుక్కున్నాడు.

ఆ మాట ఆదాయపు పన్ను ఆఫీసు దాకా పోయింది. ఆ ముప్పై వేలు లెక్కల్లో చూపకుండా దాచిన సొంత రాబడి కాదని రుజువు చేసుకోమంటూ స్నేహితుడికి నోటీసు వచ్చింది. చేసుకోలేకపోతే పన్నుకూ జరిమానాకూ మిల్లు అమ్ముకోవలసిందే.

ఆడిటరు నాయనకు ఒక దారి చూపించాడు. "అప్పిచ్చినట్టు పాత తేదీతో ప్రోనోటు రాసుకోండన్నా. ఊరికే ఇచ్చినానంటే పన్ను మీ మీద పడతాది. ఇంత పెద్ద మొత్తానికి ఇచ్చినాయనే కట్టల్ల."

"వాడు నాకు బాకీ అని సంతకం పెట్టించుకోవల్లనా? మైకులో చదివినాక అప్పెట్లయితాదప్పా?" అన్నాడు నాయన.

అప్పటికే నేను పత్రికలో పనిచేస్తున్నాను. వాళ్ల వెంట నేనూ ఆఫీసుకు వెళ్లాను. అధికారి నాయన పాస్‌బుక్కు తిరగేసి, "ఏం ఆశించి ఇచ్చారు?" అని అడిగాడు.

"వీని మిల్లు ఆడితే నాకు సంతోషం సార్. దానికి గూడా పన్నుంటే రాసుకోండి."

అధికారి నవ్వలేదు. "డబ్బు మీదేనని తేలింది. ఆయనకు ఇబ్బంది లేదు. బహుమతి పన్ను మాత్రం మీరు కట్టాలి."

"కడతాను సార్."

బయటికొచ్చాక స్నేహితుడు నాయన చెయ్యి పట్టుకున్నాడు. "ఆ పన్ను నేను కడతానురా."

"నువ్వు కడితే నేనిచ్చిందాంట్లో తరుగు పడతాది. నోరు మూసుకోని రా, కాఫీ తాగదాం."

మరుసటి ఏడు ఆయుధపూజకు మిల్లు నిండా జనం. స్నేహితుడు మళ్లీ మైకు అందుకున్నాడు. "పోయిన తూరి సదివింపుల్లో ఒకటి తప్పిపోయిండాది. ముప్పై వేలు గాక, నాకిచ్చినందుకు మావాడు సర్కారుకు కట్టిన పన్ను..." అని రూపాయల వరకే చదివాడు. జనం నవ్వుతూ చప్పట్లు కొట్టారు.

ముందు వరసలో కూర్చున్న నాయన ఈసారి విసుక్కోలేదు. లేచి నిలబడి అరిచాడు.

"రేయ్, పైసలు గూడా సదవరా!"