చివరి పేజీ దాచే మనిషి

కిబ్వానా ఎవరినీ నమ్మడు. ఇది గిట్టనివాళ్లు వేసిన నింద కాదు, అతనే గొప్పగా చెప్పుకునే సంగతి. బుగురుని బజారులో చపాతీలు అమ్మే ఆవిడ దగ్గర దొంతరలో పై చపాతీ తీసుకోడు. పైది ఎర అని అతని అభిప్రాయం. అడుగుదీ తీసుకోడు, అది నిన్నటిదని అనుమానం. మధ్యలోంచి లాగుతాడు, దొంతర కూలుతుంది, ఆవిడ తిడుతుంది. దలదల బస్సు ఎక్కేముందు ఎక్కడికి వెళ్తుందని కండక్టరునీ, డ్రైవరునీ, కిటికీ పక్కన కూర్చున్న ప్రయాణికుణ్ణీ విడివిడిగా అడుగుతాడు. ముగ్గురూ ఒకే మాట చెబితే, ముందే కూడబలుక్కున్నారని దిగిపోతాడు.

ఇవన్నీ ఊళ్లో అందరికంటే బాగా తెలిసింది మ్వాజుమాకి. బస్టాండు పక్క సందులో ఆమెకి జిరాక్స్ దుకాణం ఉంది. కిబ్వానా గీసే బొమ్మల కథ ప్రతి గురువారం అక్కడే అచ్చవుతుంది. పదహారు పేజీలు, రెండు పిన్నులు, పేరు 'ఇన్‌స్పెక్టర్ పువా'. పువా అంటే ముక్కు. ఆ ఇన్‌స్పెక్టరు ముక్కు గదిలోకి వచ్చిన కాసేపటికి ఇన్‌స్పెక్టరు వస్తాడు. ఒకసారి మేకని అనుమానించి అరెస్టు చేశాడు. తీరా చూస్తే నిజంగానే మేకే దొంగ. ఆ సంచిక రెండుసార్లు అచ్చువేయాల్సి వచ్చింది.

కిబ్వానా గీత చక్కటి గీత. బ్రష్షు కాగితం మీద పెట్టాక ఎత్తడు. రాత మాత్రం కోడి కెలికినట్టు ఉంటుంది. అందుకని బుడగల్లో మాటలు మ్వాజుమా రాస్తుంది. తొమ్మిదేళ్లుగా ఇదే ఏర్పాటు. రాత అయ్యాక అసలు తంతు, అది నాలుగేళ్లుగా.

"చదువు అక్కా."

"రాసింది నేనే కదయ్యా."

"అందుకే. రాసేవాళ్లు మధ్యలో మాటలు మార్చేస్తారు. గట్టిగా చదువు. గొణిగేవాళ్లని నేను నమ్మను."

మ్వాజుమా చదివేది.

"ఆగు. బొమ్మలో ఏముందో కూడా చెప్పు. బొమ్మ చూడకుండా మాట రాసేశావేమో."

"నీ బొమ్మ నీకు తెలీదా?"

"నాకు తెలుసు. నీకు తెలుసో లేదో తెలియాలి."

బస్సుల హారన్ల మధ్య మ్వాజుమా గొంతు చించుకునేది. "మేక కిటికీలోంచి చూస్తోంది! నోట్లో తాడు ముక్క ఉంది! ఇన్‌స్పెక్టరు బల్ల కింద దాక్కున్నాడు, ముక్కు బయటికే ఉంది!" దారినపోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. దుకాణం ముందు బెంచీ మీద కూర్చునే సేఫు తాత మాత్రం ఎటో చూస్తూ, చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని, ఏమీ పట్టనట్టు ఉండేవాడు.

ఇదంతా పదిహేను పేజీలకే. పదహారో పేజీ, అంటే దొంగ దొరికే పేజీ, కిబ్వానా చొక్కా లోపల ఉంటుంది. చెమటకి తడిసినా బయటికి తీయడు. "మొహం అటు తిప్పుకో అక్కా" అని తనే మిషను మూత ఎత్తి కాపీలు తీస్తాడు. ఆ పేజీలో మాటలు తనే రాస్తాడు. దాంతో శుక్రవారం పొద్దున్న జనం పుస్తకం పట్టుకుని వచ్చి "అక్కా, దొంగ ఎవరో కాస్త చదివిపెట్టు" అని నిలబడతారు. ముగింపు ఎవరికి తెలియకూడదని అతను అంత పాటుపడతాడో, ఆ ముగింపు ఊరికి చెప్పే పని ఆమెకే పడేది.

కాపీలు అయ్యాక కిబ్వానా వెళ్లి బెంచీ మీద సేఫు తాత పక్కన కూర్చుంటాడు. తలా తలా ఆనించి కాసేపు గుసగుసలు.

"ఏమిటా రహస్యం?" అని మ్వాజుమా లోపలినుంచి అడిగేది.

"ప్యాంటు గొడవ!" అని అరిచేవాడు కిబ్వానా. సేఫు తాత ఒకప్పుడు దర్జీ. కిబ్వానా పెళ్లికి ఆయన కుట్టిన ప్యాంటు ఒక కాలు పొట్టిదయింది. గుడ్డ మిగుల్చుకున్నాడని అప్పటినుంచీ అనుమానం. తాత కళ్లు మసకేసి నాలుగేళ్లయింది. అయినా ప్రతి గురువారం ఒక కాపీ కొని జేబులో పెట్టుకుంటాడు. ఎవరైనా అడిగితే "కళ్లద్దాల నంబరు మార్చాలి" అంటాడు. అంతకుమించి ఆ మాట ఎత్తనివ్వడు.

ఇలా ఉండగా పుస్తకం అమ్మకాలు పడిపోయాయి. మూడువందలు పోయేది నలభైకి వచ్చింది. బస్సులో జనం ఫోన్లు చూసుకుంటున్నారు. అప్పుడే ఊళ్లో ఒక ప్రచురణ సంస్థలో పనిచేసే తెవొడోరా మేడమ్ కబురు పెట్టింది. ఇన్‌స్పెక్టర్ పువా ఆమెకి నచ్చాడు, బడిపిల్లల పుస్తకంగా వేస్తుంది. కానీ బొమ్మలు వద్దు, వచనం కావాలి. ఇరవై పేజీలు, ఫలానా శనివారం మధ్యాహ్నం లోపు. లేకపోతే ఆ చోటు ఇంకొకరికి. పుస్తకం వస్తే ఇన్‌స్పెక్టరు బతుకుతాడు. రాకపోతే కిబ్వానా దుకాణాలకి బోర్డులు రాసుకోవాలి. ఆ చేతిరాతతో.

మూడు నెలలు గడువిస్తే మూడు నెలలూ వచనాన్ని అనుమానించడంతోనే సరిపోయింది.

"'బాధగా నవ్వాడు' అని రాస్తారట. ఎవరు చూశారు? సాక్షి ఏడీ?" అనేవాడు.

"ముందు నువ్వు రాసింది చూపించు."

చూపించాడు. 'ఒక మనిషి. టోపీ. ఎడమకి వెళ్లాడు.'

"ఎలాంటి మనిషి? ఏం టోపీ?" అంది మ్వాజుమా.

"బొమ్మలో కనిపిస్తుందిగా."

"బొమ్మ లేదుగా!"

"అదే నేననేది. బొమ్మ లేకుండా చెప్పే మాటని ఎలా నమ్మడం?"

మరుసటి వారం పదకొండు పేజీలు తెచ్చాడు. పదకొండు పేజీలూ ఒక తలుపు గురించే. బందులు ఎన్ని, మేకులు ఎన్ని, రంగు ఎక్కడ లేచిపోయింది. ఇన్‌స్పెక్టరు ఇంకా బయటే ఉన్నాడు.

"తలుపు తియ్యవయ్యా, ఆయన కాళ్లు నొప్పులు పుడతాయి" అంది మ్వాజుమా.

"లోపల ఎవరున్నారో తెలియకుండా ఎలా తీస్తాను?"

ఆ తర్వాత తెచ్చినదాంట్లో మాటలు బాగానే నడిచాయి గానీ, ప్రతి పేరాకి పక్కన అంచులో చిన్న బొమ్మ ఉంది. అనుమానం తీరడానికట. మ్వాజుమా రబ్బరు ఇచ్చింది. బొమ్మలు చెరిపాడు. మాటలూ చెరిపాడు.

చివరి గురువారం వచ్చింది. శనివారానికి రెండే రోజులుంది. కిబ్వానా మామూలుగానే పదిహేను పేజీలు తెచ్చాడు. మ్వాజుమా బుడగలు నింపి, మంచినీళ్లు తాగి, గొంతు సవరించుకుంది.

కిబ్వానా బయట బెంచీ వైపు చూశాడు. ఖాళీగా ఉంది. "వద్దులే అక్కా. ఇవాళ నిన్ను నమ్ముతున్నాను" అన్నాడు.

మ్వాజుమా పెన్ను కింద పెట్టింది. తొమ్మిదేళ్లలో ఆ మాట అతని నోట వినలేదు. జ్వరమేమోనని చూసింది. జ్వరం లేదు. అతను కాపీలు కూడా తీయకుండా పేజీలు పట్టుకుని, చొక్కాలో చివరి పేజీ తడుముకుని, గబగబా నడిచాడు. జీవితంలో మొదటిసారి మ్వాజుమాకి అనుమానం వచ్చింది. పని సంచీ భుజాన వేసుకుని దుకాణం మూసి వెంటపడింది.

తన వెనక ఎవరో వస్తున్నారని పది అడుగులకోసారి తిరిగి చూసే మనిషి, నిజంగా వచ్చిన రోజున ఒక్కసారి కూడా చూడలేదు.

అతను రెండు సందులు దాటి సేఫు తాత ఇంటి వాకిట్లోకి వెళ్లాడు. మ్వాజుమా రేకుల దడి వెనక నిలబడింది. తాత మోకాలికి గుడ్డ కట్టుకుని చాప మీద కూర్చున్నాడు.

"షికామో తాతా" అన్నాడు కిబ్వానా, పెద్దవాళ్లకి పెట్టాల్సిన దణ్ణం తక్కువ కాకుండా.

"మరహబా నాయనా. ఇలా వచ్చావేం? ప్యాంటు కోసమా?"

"మ్వాజుమా రాత మీద అనుమానంగా ఉంది. గట్టిగా చదువుకుంటే తప్పు దొరుకుతుంది. మా ఇంట్లో గోల. నువ్వు వినక్కర్లేదు, ఊరికే కూర్చో."

"నేనెందుకు వింటాను? నా మోకాలు నేను చూసుకుంటున్నాను."

కిబ్వానా మొదలుపెట్టాడు. "ఒక మనిషి. టోపీ..."

"ఏ గుడ్డ?" అన్నాడు తాత, మోకాలు చూసుకుంటూనే.

"ఖాకీ. అంచు దగ్గర కుట్టు వదిలింది. కుట్టినవాడికి తొందర ఎక్కువ. ఆ వదిలిన దారాన్ని మనిషి వేలికి చుట్టుకుంటున్నాడు తాతా, విప్పుతున్నాడు, మళ్లీ చుట్టుకుంటున్నాడు. రాత్రి నిద్రపోయినవాడు చేసే పని కాదది. ఇన్‌స్పెక్టరు ఆ దారం వైపు చూశాడు. మనిషి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. అప్పుడు నవ్వాడు. పళ్లు నవ్వాయి గానీ కళ్లు తలుపు వైపు చూస్తున్నాయి."

దడి వెనక మ్వాజుమా చెవి రేకుకి ఆనించింది. ఇది వచనం కాక మరేమిటి? సంచీలోంచి చెడిపోయిన జిరాక్సు కాగితాలు తీసి, వాటి వెనక వైపున, రేకుకి ఆనించి రాయడం మొదలుపెట్టింది. వాన ఎలా ఉందని తాత అడుగుతాడు, కిబ్వానా వాన చెబుతాడు. మేక ఏ రంగని అడుగుతాడు, మేక మొత్తం చరిత్ర చెబుతాడు. తలుపు ఈసారి ఒక్క మాటలో తెరుచుకుంది. పదిహేను పేజీల బొమ్మలు అయ్యేసరికి ఆమెకి ఇరవై రెండు కాగితాలు నిండాయి, మణికట్టు లాగేసింది.

అప్పుడు కిబ్వానా చొక్కాలోంచి చివరి పేజీ తీశాడు. తాత చెవి దగ్గరికి వంగాడు. గుసగుసలు.

ఇన్నేళ్ల ప్యాంటు గొడవ ఏమిటో మ్వాజుమాకి ఆ క్షణాన తెలిసింది. ముగింపు ఊరందరికీ దాచింది, ముందుగా ఒక్కడికి చెప్పడానికి. తనని గొంతు చించుకోమన్నదీ తన రాత మీద అనుమానంతో కాదు, బెంచీ మీద మనిషికి వినపడాలని.

మర్నాడు ఆ కాగితాలు అతని ముందు పెట్టింది. కిబ్వానా చదివాడు. ముఖం ఎర్రబడింది.

"ఎవరు రాశారిది? ఎవడో నా కథ కొట్టేశాడు! నాకంటే బాగా రాశాడు దొంగ!"

"ఆ దొంగ నువ్వే. నువ్వు తాతకి చెబుతుంటే నేను రాసుకున్నాను."

"నువ్వెక్కడ ఉన్నావు?"

"నీ వెనకే వచ్చాను."

కిబ్వానా లేచి నిలబడ్డాడు. కోప్పడతాడనుకుంది. అతని మొహం వెలిగిపోయింది. "చూశావా! తొమ్మిదేళ్లుగా మొత్తుకుంటున్నాను, నా వెనక ఎవరో వస్తున్నారని! ఒక్కరైనా నమ్మారా?"

"అది సరే. తాతకి చూపు లేదని..."

"ష్!" అతను ఖాళీ బెంచీ వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఎవరన్నారు? కళ్లద్దాల నంబరు మారిందంతే."

శనివారం పదకొండున్నరకి తెవొడోరా మేడమ్ బల్ల ముందు కాగితాలు పెట్టాడు, మ్వాజుమా రాతలో. ఆవిడ చదువుతూ రెండుసార్లు నవ్వింది, ఒకసారి టీ చల్లారబెట్టుకుంది. ఆఖరుకి వచ్చి కాగితం తిరగేసింది.

"చివరి పేజీ ఏది?"

"అచ్చు మిషను తిరిగే రోజు ఇస్తాను."

"దొంగ ఎవరో నాకు తెలియాలి కదా!"

"అందరూ ఆ మాటే అంటారు మేడమ్" అన్నాడు కిబ్వానా చొక్కా తడుముకుంటూ. ఆవిడ అరగంట వాదించి ఓడిపోయి ఒప్పందం ముందు పెట్టింది. అతను దాన్ని వెలుతురుకి పట్టుకుని, కింది నుంచి పైకి ఒకసారి, పై నుంచి కిందికి ఒకసారి చదివి, సంతకం పెట్టాడు. ఆ సంతకం ఎవరిదో ఆఫీసులో ఎవరూ పోల్చుకోలేకపోయారు.

మళ్లీ గురువారానికి సేఫు తాత కుంటుకుంటూ బెంచీ దగ్గరికి వచ్చాడు. కిబ్వానా లోపల మిషను దగ్గర చివరి పేజీతో కుస్తీ పడుతున్నాడు. మ్వాజుమా తాతకి అల్లం టీ, నూనెలో వేగిన వేడి మందాజీ ఇచ్చి పక్కన కూర్చుంది.

"తాతా, పుస్తకం కోసమని సంచిక వేయకుండా ఆపాడే, ఆ కథలో దొంగ ఎవరు? నాకొక్కదానికే చెప్పు."

"చెప్పను. ముందుగా తెలిసేది నాకొక్కడికే. అంత సుఖం ఎందుకు వదులుకుంటాను?" తాత టీ ఊదుకున్నాడు. "వాడు నాకోసమే చదివిస్తున్నాడని మొదటి వారమే తెలిసింది తల్లీ. నాకు తెలుసని మాత్రం వాడికి చెప్పకు. అనుమానం పడతాడు."

"పాపం, ప్యాంటు మీద కూడా ఊరికే నింద వేశాడు."

తాత మందాజీ తుంచి నోట్లో వేసుకున్నాడు. "అది నిజమే. మూరెడు గుడ్డ మిగిలింది. మా మనవడికి టోపీ కుట్టాను."

"ఏమిటా గుసగుసలు?" లోపలినుంచి కిబ్వానా కేక వేశాడు.

మ్వాజుమా తాత వైపు చూసి, గొంతెత్తి జవాబు చెప్పింది. "ప్యాంటు గొడవ!"